మార్కులు వచ్చిన మర్నాడు

పరీక్షల గురించి, బడుల సంస్కరణల గురించి, చదువులోకి వచ్చిచేరిన ఫోన్లూ ట్యాబ్‌ల గురించి పాఠకులు పంపిన ప్రశ్నలకు ఈ సంచికలో సమాధానాలు ఇస్తున్నాను. ఒకే విషయంపై వచ్చిన ఉత్తరాలను కలిపి ఒక ప్రశ్నగా కుదించాను. పేర్లు ప్రచురించవద్దని చాలామంది కోరినందున ఎవరి పేరూ ఇవ్వడం లేదు.

ప్రశ్న: మా అమ్మాయి ఏడో తరగతి చదువుతోంది. బడిలో వారం వారం పరీక్ష పెడుతున్నారు. ఒక వారం 80 మార్కులు వస్తే మరుసటి వారం 65 వస్తున్నాయి. ఆ అంకెలు చూసి ఇంట్లో అందరం ఆందోళన పడుతున్నాం. ఇన్ని పరీక్షలు అవసరమా? అసలు పరీక్షలే లేకపోతే పిల్లలు హాయిగా నేర్చుకోరా?
– ఒక తల్లి

జవాబు: పరీక్ష అనే ఒకే పేరుతో బడుల్లో రెండు వేర్వేరు పనులు జరుగుతున్నాయమ్మా. చెప్పిన పాఠం పిల్లల తలలో నిలిచిందో లేదో చూసుకుని, నిలవకపోతే మళ్లీ చెప్పడానికి పెట్టేది ఒకటి. పిల్లలను వరుసలో నిలబెట్టి ఎవరు ముందు, ఎవరు వెనుక అని తేల్చడానికి పెట్టేది రెండోది. మొదటిది ఎంత తరచుగా జరిగినా నాకు అభ్యంతరం లేదు. రెండోది ఎంత అరుదుగా జరిగితే అంత మంచిది. మొదటి పని కోసం పెట్టిన చిన్న పరీక్షకు కూడా ర్యాంకు, గోడ మీద జాబితా, సాయంత్రానికల్లా తల్లిదండ్రుల ఫోనుకు సందేశం అంటూ రెండో పని తాలూకు హంగులన్నీ తగిలించడంతోనే చిక్కు మొదలవుతోంది.

పరీక్షలే లేకపోతే బాగుంటుందన్న మాటను మాత్రం నేను ఒప్పుకోలేను. చదివినదాన్ని పుస్తకం మూసి గుర్తుచేసుకోవడం అనేది నేర్చుకోవడంలో భాగమే తప్ప నేర్చుకున్నాక చేసే తనిఖీ మాత్రమే కాదు. అమెరికాలో హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2006లో ప్రచురించిన ఒక ప్రయోగం ఈ విషయాన్ని స్పష్టంగా చూపించింది. కొందరు విద్యార్థులు ఒక చిన్న వ్యాసాన్ని రెండుసార్లు చదివారు. మరికొందరు ఒకసారి చదివి, రెండోసారి చదవడానికి బదులు గుర్తున్నంత మేరకు కాగితం మీద రాశారు. అయిదు నిమిషాల తర్వాత అడిగితే రెండుసార్లు చదివినవారే కాస్త ఎక్కువ చెప్పగలిగారు. వారం తర్వాత అడిగితే లెక్క తారుమారైంది. గుర్తుచేసుకుని రాసినవారు సుమారు 56 శాతం చెప్పగా, రెండుసార్లు చదివినవారు 42 శాతం దగ్గర ఆగిపోయారు. గమనించవలసిందేమంటే, ఆ రాసిన కాగితాలను ఎవరూ దిద్దలేదు, మార్కులు వేయలేదు. లాభమంతా గుర్తుచేసుకోవడానికి పడ్డ శ్రమలోనే ఉంది.

అయితే మార్కు వేస్తే వచ్చే నష్టమేమిటని అడగవచ్చు. 1988లో రూత్ బట్లర్ అనే పరిశోధకురాలు ఇజ్రాయెల్ పాఠశాలల్లో దీన్నే పరీక్షించారు. కొందరు పిల్లలకు జవాబు పత్రంపై మార్కు మాత్రమే ఇచ్చారు, కొందరికి వ్యాఖ్య మాత్రమే రాశారు, ఇంకొందరికి మార్కూ వ్యాఖ్యా రెండూ ఇచ్చారు. ఆ తర్వాతి పనిలో మెరుగుపడింది వ్యాఖ్య మాత్రమే అందుకున్న పిల్లలు. మార్కుతో పాటు వ్యాఖ్య కూడా అందుకున్నవారికి ఆ వ్యాఖ్య వల్ల చెప్పుకోదగ్గ ప్రయోజనం కలగలేదు. జవాబు పత్రం తిరిగిచ్చే రోజున తరగతిలో నిలబడి చూసిన ఏ ఉపాధ్యాయుడికీ ఇది వింతగా తోచదు. అంకె కనబడగానే పిల్లల కళ్లు పక్కవాడి కాగితం మీదికి పోతాయి, ఎర్ర సిరాతో రాసిన నాలుగు వాక్యాలు అక్కడే ఉండిపోతాయి.

ఇక 80, 65 సంగతి. 100 మార్కులకు 20 ప్రశ్నలు ఉన్నాయనుకుంటే ఆ రెండు అంకెల మధ్య తేడా మూడంటే మూడు ప్రశ్నలు. ఒక వారం పాఠం తేలికది కావచ్చు, మరో వారం ప్రశ్నపత్రం కఠినంగా ఉండవచ్చు, అమ్మాయికి ఆ ఉదయం తలనొప్పి వచ్చి ఉండవచ్చు. ఏ పరీక్ష ఫలితానికైనా అటూఇటూ ఊగే గుణం ఉంటుంది. ప్రశ్నలు తక్కువైనకొద్దీ ఆ ఊగిసలాట ఎక్కువవుతుంది. కాబట్టి ఒక్కో వారపు అంకెను పట్టుకుని దిగులు పడకుండా, ఆ మూడు ప్రశ్నలు ఏవో చూడండి. మూడూ భిన్నాలవే అయితే మీకు నిజంగా పనికొచ్చే సమాచారం దొరికినట్టే. మూడూ వేర్వేరు చోట్ల జరిగిన తొందరపాటు పొరపాట్లయితే దాన్ని అంతటితో వదిలేయవచ్చు. బడికి వెళ్లినప్పుడు "మా అమ్మాయికి ఎన్నో ర్యాంకు?" అనే ప్రశ్నకు బదులు, "తరగతిలో ఎక్కువమంది తప్పు రాసిన ప్రశ్నను మర్నాడు మళ్లీ చెప్పారా?" అని అడగండి. చెప్పామని జవాబు వస్తే వారానికి రెండు పరీక్షలు పెట్టినా భయం లేదు. సిలబస్ పూర్తి చేయాలి కాబట్టి ముందుకు సాగామని జవాబు వస్తే ఆ పరీక్ష పిల్లల కోసం జరగలేదని అర్థం చేసుకోవాలి.

ప్రశ్న: విద్యార్థుల మార్కుల ఆధారంగా ఉపాధ్యాయుల పనితీరును లెక్కగట్టి, జీతాల పెంపును దానికి ముడిపెట్టాలని మా యాజమాన్యం ఆలోచిస్తోంది. జవాబుదారీతనం ఉండాలని నేనూ ఒప్పుకుంటాను. అయినా ఈ పద్ధతికి నా మనసు ఎదురుతిరుగుతోంది. నాది స్వార్థమేనా?
– ఒక గణిత ఉపాధ్యాయుడు

జవాబు: స్వార్థం కాదు మాస్టారూ. మీ మనసు ఎదురుతిరగడానికి 160 ఏళ్లకు పైబడిన చరిత్ర ఉంది. 1862లో ఇంగ్లండులో రాబర్ట్ లోవ్ చొరవతో ఒక నియమావళి అమల్లోకి వచ్చింది. తనిఖీ అధికారి వచ్చి చదవడం, రాయడం, లెక్కలలో ఒక్కో పిల్లవాణ్ని పరీక్షించేవారు. ఎంతమంది నెగ్గారన్నదాన్ని బట్టి బడికి ప్రభుత్వ గ్రాంటు వచ్చేది. ఫలితానికి తగ్గ చెల్లింపు అని దానికి పేరు. ఆ తనిఖీ అధికారులలో ఒకరైన కవి మాథ్యూ ఆర్నాల్డ్ ఈ పద్ధతి బోధనను యాంత్రికంగా మార్చేస్తోందని ఏళ్ల తరబడి నివేదికల్లో రాస్తూ వచ్చారు. పరీక్షలో అడిగే పుస్తకాన్ని పిల్లలు కంఠతా పట్టేవారు, పరీక్షలో లేని చరిత్ర, భూగోళం వంటి పాఠాలు వెనక్కి పోయేవి. 1890వ దశకంలో ఇంగ్లండు దాన్ని క్రమంగా వదిలించుకునేసరికి ఒక తరం గడిచిపోయింది.

సామాజిక శాస్త్రవేత్త డొనాల్డ్ క్యాంప్‌బెల్ 1970వ దశకంలో దీన్ని ఒక సూత్రంగా చెప్పారు. ఏ అంకెనైనా నిర్ణయాలు తీసుకోవడానికి ఎంత ఎక్కువగా వాడితే, ఆ అంకెను వంచాలన్న ఒత్తిడి అంత పెరుగుతుందనీ, అది కొలవవలసిన అసలు పని కూడా అంత చెడుతుందనీ ఆయన వాదన. ఆయన ఇచ్చిన ఉదాహరణల్లో పాఠశాల పరీక్షలూ ఉన్నాయి. అమెరికా 2002 జనవరిలో తెచ్చిన చట్టం దానికి నిలువెత్తు సాక్ష్యంగా నిలిచింది. 3 నుంచి 8 తరగతుల పిల్లలందరికీ ఏటా చదవడంలో, గణితంలో పరీక్షలు పెట్టాలనీ, 2014 నాటికి నూటికి నూరుమందీ నిర్ణీత స్థాయికి చేరాలనీ ఆ చట్టం ఆదేశించింది. నూటికి నూరు అన్న మాట ఏ తరగతి గదిలోనూ పాఠం చెప్పనివారికే తోచే లక్ష్యం. ఆ గడువు దాటిపోయింది, లక్ష్యం అందలేదు, 2015 డిసెంబరులో దాని స్థానంలో మరో చట్టం వచ్చింది. ఆ రెండు చట్టాల మధ్య కాలంలోనే అట్లాంటా నగరంలో పరీక్షల మోసం బయటపడింది. 2011లో వెలువడిన రాష్ట్ర దర్యాప్తు నివేదిక 44 పాఠశాలల్లో 178 మంది ఉపాధ్యాయులు, ప్రధానోపాధ్యాయులు పిల్లల జవాబు పత్రాల్లోని తప్పు జవాబులను మార్చేయడం వంటి అక్రమాలకు పాల్పడ్డారని తేల్చింది. 2015లో 11 మందికి శిక్ష పడింది.

ఆ 178 మందీ దొంగబుద్ధితోనే ఉద్యోగంలో చేరారని నేను అనుకోను. అయితే మోసం దాకా వెళ్లనివారి విషయమే నన్ను ఎక్కువగా కలవరపెడుతుంది. ఉత్తీర్ణత 35 మార్కుల దగ్గర ఉంటే 30 నుంచి 34 మధ్య ఉన్న పిల్లలపైనే శ్రద్ధంతా కేంద్రీకృతమవుతుంది. 10 మార్కుల పిల్లవాడు ఎలాగూ గట్టెక్కడు కాబట్టి, 90 మార్కుల పిల్ల ఎలాగూ గట్టెక్కుతుంది కాబట్టి, ఇద్దరూ లెక్కలోంచి జారిపోతారు. ఇది నేరం కాదు, ఏ నిబంధనకూ విరుద్ధం కాదు, ఏ తనిఖీకీ దొరకదు.

మీ యాజమాన్యంతో మాట్లాడేటప్పుడు ఒక లెక్క చెప్పండి. విద్యార్థుల మార్కుల్లో కనిపించే తేడాల్లో ఉపాధ్యాయుడి వంతు చాలా అధ్యయనాల ప్రకారం సుమారు 1 నుంచి 14 శాతం మాత్రమేనని అమెరికా గణాంకవేత్తల సంఘం 2014లో ప్రకటించింది. ఉపాధ్యాయుల వల్ల తేడా రాదని దీని అర్థం కాదు. ఇల్లు, ఆరోగ్యం, అంతకుముందు ఏళ్లలో చదివిన చదువు, హాజరు ఇవన్నీ కలిసి తెచ్చే తేడాలోంచి మీ ఒక్కరి వంతును ఒక్క తరగతి మార్కులతో విడదీయడం నమ్మదగిన పని కాదని మాత్రమే అర్థం. జవాబుదారీతనం కావాలంటే మార్గాలున్నాయి. అమెరికాలోనే 1969 నుంచి ఒక జాతీయ మదింపు జరుగుతోంది. అది అందరికీ కాక కొద్దిమంది నమూనా విద్యార్థులకే పెడతారు. పిల్లవాడికి గానీ బడికి గానీ విడిగా మార్కు ఇవ్వరు. దేశం మొత్తం ఎక్కడుందో తెలుస్తుంది, దానికోసం ఎవరూ బట్టీ పట్టించరు. ఇక ఒక్కో ఉపాధ్యాయుడి సంగతి తెలుసుకోవాలంటే, పాఠం బాగా ఎరిగిన సహోద్యోగి ఏడాదిలో కొన్నిసార్లు తరగతిలో వెనక కూర్చుని చూడడానికి మించిన పద్ధతి నాకు తెలియదు. దానికి సమయం పడుతుంది, అందుకే అంకె మీద అంత మోజు.

ప్రశ్న: ఎక్కడ చూసినా ఫిన్లాండ్ విద్యావిధానం గురించే చెబుతున్నారు. పరీక్షలు లేవట, హోంవర్కు లేదట. దాన్ని మిగతా దేశాలన్నీ ఎందుకు అమలు చేయవు?
– శిక్షణ కళాశాల విద్యార్థిని

జవాబు: మీరు విన్నదానిలో కొంత నిజం, కొంత అతిశయం ఉన్నాయి. ఫిన్లాండ్‌లో హోంవర్కు ఉంది, ఉపాధ్యాయులు పెట్టే పరీక్షలూ ఉన్నాయి. ప్రాథమిక దశలో దేశమంతటా ఒకే ప్రశ్నపత్రంతో పెట్టి బడులను పోల్చే పరీక్షలు లేవు. సుమారు 18, 19 ఏళ్ల వయసులో, పై సెకండరీ చదువు ముగిశాక రాసే జాతీయ పరీక్ష మాత్రం ఉంది, దాని బరువూ తక్కువేమీ కాదు.

అసలు కథ పరీక్షలు లేకపోవడంలో లేదు, అవి లేకుండా నడపగలిగిన స్థితికి చేరడానికి పట్టిన కాలంలో ఉంది. పిల్లలందరికీ ఒకే రకమైన తొమ్మిదేళ్ల బడి ఉండాలన్న చట్టం 1968లో వచ్చింది. దాన్ని 1972లో ఉత్తర ప్రాంతాల నుంచి మొదలుపెట్టి 1977 నాటికి దక్షిణాదికి విస్తరించారు. 1970వ దశకం చివరికి బడి ఉపాధ్యాయులకు మాస్టర్స్ స్థాయి చదువును తప్పనిసరి చేశారు. అలా చదివిన తరం తరగతి గదుల్లోకి వచ్చాకనే, 1990వ దశకం తొలినాళ్లలో తనిఖీ వ్యవస్థను ఎత్తివేశారు. ముందు ఉపాధ్యాయులను తయారుచేసుకుని ఆ తర్వాత నమ్మకం ఉంచారు. తనిఖీలు తీసేయడం అనే చివరి మెట్టును మాత్రమే ఎత్తుకుని అమలు చేయాలనుకుంటే అది నేల విడిచి సాము చేయడమే అవుతుంది.

ఇంకొక మాట కూడా నిజాయితీగా చెప్పాలి. 15 ఏళ్ల పిల్లల సామర్థ్యాన్ని కొలిచే అంతర్జాతీయ పీసా పరీక్షలో ఫిన్లాండ్ గణిత సగటు 2006లో 548 ఉండగా, 2022లో 484కు పడిపోయింది. అదే 2022లో 575తో మొదటి స్థానంలో నిలిచిన సింగపూర్‌లో, ఆరో తరగతి చివరనే జాతీయ పరీక్ష ఉంటుంది. కాబట్టి పరీక్షలుంటే నాశనమనీ, లేకపోతే వికాసమనీ ఈ పట్టికలు పట్టుకుని వాదించడం కుదరదు. రెండు దేశాల్లోనూ సమానంగా కనిపించేది ఒకటుంది. ఉపాధ్యాయులను జాగ్రత్తగా ఎంపిక చేయడం, వారి శిక్షణపై దీర్ఘకాలం ఖర్చు పెట్టడం. పాలకులు మారినప్పుడల్లా పాఠ్యప్రణాళిక మారే చోట అది ఎన్నటికీ జరగదు. మీరు ఉపాధ్యాయినిగా ముప్పై ఏళ్లు పనిచేయబోతున్నారు. అందులో ఎన్ని సంస్కరణలు వస్తాయో చెప్పలేను గానీ, ప్రతిసారీ ఒకటే అడగండి. ఈ ఉత్తర్వు వల్ల సోమవారం ఉదయం నా తరగతిలో నేను వేరుగా చేయవలసిన పని ఏమిటి, అది నాకు నేర్పేది ఎవరు? ఈ రెండింటికీ జవాబు లేని సంస్కరణ రిజిస్టర్లలో కొత్త గడులు చేర్చడంతోనే ముగుస్తుంది.

ప్రశ్న: తరగతిలో పిల్లల సంఖ్య తగ్గిస్తే ఫలితాలు మెరుగుపడతాయా?
– పాఠశాల యాజమాన్య సంఘ సభ్యుడు

జవాబు: ప్రాథమిక బడి తొలి తరగతుల్లో మెరుగుపడతాయి. అమెరికాలోని టెన్నెసీ రాష్ట్రంలో 1985 నుంచి 1989 వరకు జరిగిన పెద్ద ప్రయోగంలో పిల్లలను చీటీలు వేసినట్టుగా విడదీసి, కొందరిని 13 నుంచి 17 మంది ఉన్న తరగతుల్లో, కొందరిని 22 నుంచి 25 మంది ఉన్న తరగతుల్లో చదివించారు. తక్కువమంది ఉన్న తరగతుల పిల్లలు, అందులోనూ పేద కుటుంబాల పిల్లలు, స్పష్టంగా ముందున్నారు. ఇది చూసి కాలిఫోర్నియా 1996లో హడావుడిగా రాష్ట్రమంతటా తరగతుల పరిమాణం తగ్గించింది. ఒక్కసారిగా అన్ని వేల మంది ఉపాధ్యాయులు దొరక్కపోవడంతో పూర్తి అర్హత లేనివారిని తీసుకోవలసి వచ్చింది. గదుల సంఖ్య పెంచేముందు ఆ గదుల్లో నిలబడేవారు ఎక్కడి నుంచి వస్తారో చూసుకోవాలి.

ప్రశ్న: వచ్చే ఏడాది నుంచి ప్రతి విద్యార్థికీ ట్యాబ్ తప్పనిసరి అని మా పిల్లల బడి ప్రకటించింది. పాఠ్యపుస్తకాలన్నీ అందులోనే ఉంటాయట. కొనకపోతే పిల్లలు వెనకబడిపోతారేమోనన్న భయం, కొంటే పాడైపోతారేమోనన్న భయం. ఏం చేయాలి?
– ఇద్దరు పిల్లల తండ్రి

జవాబు: మీ రెండు భయాల్లో మొదటిదాన్ని తీసి పక్కన పెట్టవచ్చు. యంత్రం రాకపోతే చదువు వెనకబడుతుందన్న మాట వందేళ్లకు పైగా వింటున్నాం. 1913లో థామస్ ఎడిసన్ బడుల్లో పుస్తకాలకు త్వరలోనే కాలం చెల్లుతుందనీ, సినిమా వల్ల పదేళ్లలో బడి పూర్తిగా మారిపోతుందనీ అన్నారు. ఆ సినిమా యంత్రాలను తయారుచేసి అమ్మేవారిలో ఆయన కూడా ఒకరని గుర్తుంచుకోవాలి. తర్వాత రేడియో వచ్చింది, టెలివిజన్ వచ్చింది. 1950వ దశకంలో మనస్తత్వ శాస్త్రవేత్త బి.ఎఫ్. స్కినర్ బోధన యంత్రాన్ని రూపొందించి, ప్రతి పిల్లవాడూ తన వేగంతో తాను నేర్చుకుంటాడని చెప్పారు. నేటి యాప్‌ల ప్రకటనల్లోనూ అదే మాట కనబడుతుంది.

యంత్రాన్ని ఇంటికొకటి పంచి చూసిన ప్రయోగం కూడా జరిగింది. ప్రతి బిడ్డకూ ఒక లాప్‌టాప్ అన్న పథకం 2005లో మొదలై, పెరూ దేశంలో 8 లక్షలకు పైగా లాప్‌టాప్‌లు పంచేదాకా వెళ్లింది. గ్రామీణ పాఠశాలల్లో దాని ప్రభావాన్ని అంతర్ అమెరికా అభివృద్ధి బ్యాంకు పరిశోధకులు 2012లో పరిశీలిస్తే, పిల్లలు కంప్యూటర్ వాడడం బాగా పెరిగింది గానీ గణితంలో, భాషలో మెరుగుదల కనబడలేదు. 2013లో లాస్ ఏంజెలెస్ పాఠశాలలు విద్యార్థులందరికీ ఐప్యాడ్‌లు ఇవ్వడానికి పూనుకున్నాయి. పంచిన కొద్ది రోజులకే కొన్ని హైస్కూళ్ల పిల్లలు అందులోని భద్రతా కట్టుబాట్లను దాటేశారు, మరుసటి ఏడాది ఆ ఒప్పందమే ఆగిపోయింది. దక్షిణ కొరియా 2025 మార్చిలో కృత్రిమ మేధతో నడిచే డిజిటల్ పాఠ్యపుస్తకాలను ప్రవేశపెట్టి, అదే ఏడాది ఆగస్టులో వాటికి పాఠ్యపుస్తక హోదా తీసేసి అనుబంధ సామగ్రిగా మార్చింది. స్వీడన్ 2023 నుంచి అచ్చు పుస్తకాలు కొనడానికి బడులకు ప్రత్యేకంగా నిధులిస్తోంది.

పాఠ్యపుస్తకాలన్నీ తెరమీదికి మార్చడమే మీ బడి నిర్ణయంలో నాకు ఎక్కువ అభ్యంతరంగా తోచింది. 54 అధ్యయనాలను, 1,70,000 మందికి పైగా పాఠకుల ఫలితాలను కలిపి 2018లో వెలువడిన ఒక విశ్లేషణ ప్రకారం, సమాచారం ఇచ్చే పాఠాన్ని కాగితం మీద చదివినవారు తెరమీద చదివినవారికంటే బాగా అర్థం చేసుకున్నారు. సమయానికి హద్దు ఉన్నప్పుడు ఆ తేడా మరింత పెరిగింది. పిల్లలు తెరలకు అలవాటు పడుతున్నకొద్దీ ఈ తేడా చెరిగిపోతుందని చాలామంది ఆశించారు. ఏళ్లు గడిచినకొద్దీ అది తగ్గకపోగా పెరిగింది.

అలాగని ట్యాబ్ పనికిమాలినదని నేను అనడం లేదు. చూపు లేని పిల్లలకు పాఠాన్ని చదివి వినిపించడంలో, వినికిడి లోపం ఉన్నవారికి మాటలను అక్షరాలుగా చూపడంలో అది చేసే మేలును ఇంకేదీ చేయలేదు. ప్రయోగశాలలో చూడలేని గ్రహాల కదలికనో, అణువుల తీరునో మార్చి మార్చి చూపడంలో, గుణకారాల వంటి చిన్న సాధనల్లో తప్పును వెంటనే పట్టివ్వడంలో కూడా దానికి చోటుంది. ఆర్థిక సహకార, అభివృద్ధి సంస్థ 2015లో పీసా ఫలితాలను విశ్లేషించినప్పుడు, బడిలో కంప్యూటర్‌ను మితంగా వాడే పిల్లలు అరుదుగా వాడేవారికంటే కొంత మెరుగ్గా ఉన్నారనీ, అతిగా వాడేవారు చాలా వెనకబడి ఉన్నారనీ తేలింది. అతిగా వాడడం వల్లనే వెనకబడ్డారని ఆ లెక్క ఒక్కటే రుజువు చేయదు. అయినా సాంకేతికతపై భారీగా ఖర్చుపెట్టిన దేశాల ఫలితాల్లో చెప్పుకోదగ్గ మెరుగుదల లేదన్నది కూడా ఆ నివేదికలోని మాటే.

బడికి వెళ్లి కొన్ని సంగతులు తేల్చుకోండి. ఏ పాఠానికి ట్యాబ్ కావాలి, ఆ పాఠాన్ని అది లేకుండా ఎందుకు చెప్పలేరు? అచ్చు పుస్తకం కోరుకున్న పిల్లలకు అది ఇస్తారా? పిల్లల జవాబులూ అలవాట్లూ ఏ సంస్థ దగ్గర నిల్వ ఉంటాయి, చదువు ముగిశాక ఎవరు తుడిచేస్తారు? పాడైతే బాధ్యత ఎవరిది? ఉపాధ్యాయులకు ఎన్ని రోజుల శిక్షణ ఇచ్చారు? ఈ చివరి ప్రశ్నకు వచ్చే జవాబును ముఖ్యంగా గమనించండి. దుకాణంలో దొరికే పరికరం కొనేవాడి చూపును వీలైనంత సేపు పట్టి ఉంచడానికి తయారైంది. దాన్ని చదువు పనిముట్టుగా మార్చగలిగేది ఎప్పుడు తెరవాలో, ఎప్పుడు మూయించాలో తెలిసిన ఉపాధ్యాయుడే. శిక్షణ లేకుండా పరికరం మాత్రమే వస్తుంటే, ఏడాదిపాటు గడువు అడగడానికి మిగతా తల్లిదండ్రులను కూడగట్టండి.

ప్రశ్న: నేను పదో తరగతి చదువుతున్నాను. ఫోన్ పక్కన పెట్టుకుని చదివితే తప్పేమిటి? సందేహం వస్తే వెంటనే చూసుకోవచ్చు కదా?
– ఒక విద్యార్థి

జవాబు: సందేహం వచ్చినప్పుడల్లా ఒక కాగితం మీద రాసుకుంటూ వెళ్లు నాన్నా. అరగంట చదివాక ఆ కాగితం పట్టుకుని అవతలి గదిలో ఉన్న ఫోన్ దగ్గరికి వెళ్లు. రాసిన సందేహాల్లో కొన్ని ఆ అరగంటలోనే వాటంతట అవే తీరిపోయి ఉంటాయి. అలా తీరినవే నీకు ఎక్కువకాలం గుర్తుంటాయి. ఫ్రాన్స్ 2018లో బడుల్లో పిల్లలు ఫోన్ వాడకూడదని చట్టం చేసింది, నెదర్లాండ్స్ 2024 నుంచి తరగతి గదుల్లో వద్దంది. నీకు చట్టం అక్కర్లేదు, మధ్యలో ఒక తలుపు ఉంటే చాలు.

ప్రశ్న: నా విద్యార్థులు హోంవర్కు మొత్తాన్ని చాట్‌జీపీటీతో రాయిస్తున్నారు. కనిపెట్టే సాఫ్ట్‌వేర్ కొనమని కొందరు, నిషేధించమని కొందరు, అదే భవిష్యత్తు కాబట్టి వదిలేయమని కొందరు సలహా ఇస్తున్నారు. మీరేమంటారు?
– భాషా ఉపాధ్యాయిని

జవాబు: కనిపెట్టే సాఫ్ట్‌వేర్ సంగతి ముందు ముగిద్దాం, కొనకండి. చాట్‌జీపీటీని తయారుచేసిన ఓపెన్‌ఏఐ సంస్థే అలాంటి ఒక పనిముట్టును విడుదల చేసి, అది సరిగ్గా పట్టుకోలేకపోతోందని 2023 జూలైలో వెనక్కి తీసుకుంది. ఇంగ్లిష్ మాతృభాష కానివారు సొంతంగా రాసిన వ్యాసాలను కూడా ఇలాంటి పనిముట్లు యంత్రం రాసినవిగా తప్పుపడుతున్నాయని అదే ఏడాది స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు చూపించారు. నిజాయితీగా రాసిన ఒక పిల్లను దొంగగా నిలబెట్టడంకంటే పదిమంది తప్పించుకోవడమే నయమని నా అభిప్రాయం.

ఇక వదిలేయడమా, నిషేధించడమా అన్నదానికి టర్కీలోని ఒక హైస్కూలులో సుమారు వెయ్యి మంది విద్యార్థులతో జరిగిన గణిత ప్రయోగం మంచి ఆధారం. కొందరికి మామూలు చాట్‌బాట్ ఇచ్చారు, కొందరికి జవాబు చెప్పకుండా ఉపాధ్యాయులు రాసిన సూచనల ప్రకారం దారి మాత్రమే చూపే చాట్‌బాట్ ఇచ్చారు, మిగిలినవారు పుస్తకాలతోనే సాధన చేశారు. సాధన చేసేటప్పుడు మామూలు చాట్‌బాట్ వాడినవారి ఫలితాలు 48 శాతం మెరుగయ్యాయి. తర్వాత దాన్ని తీసేసి పరీక్ష పెడితే, అసలెన్నడూ వాడనివారికంటే 17 శాతం తక్కువ తెచ్చుకున్నారు. దారి మాత్రమే చూపిన చాట్‌బాట్ వాడినవారికి ఈ నష్టం చాలావరకు తప్పింది. మొదటి సమాధానంలో చెప్పిన రోడిగర్, కార్పికీల ప్రయోగంలోని కారణమే ఇక్కడా పనిచేసింది. జవాబు కోసం తల తడుముకునే శ్రమను యంత్రం తీసేసుకుంటే, ఆ శ్రమతో పాటు రావలసిన చదువు కూడా పోతుంది.

భాష విషయంలో మీ ఇబ్బంది ఇంకా లోతైనది. గణితంలో జవాబు ఒకటే, వ్యాసంలో రాయడమే ఆలోచించడం. ఏం చెప్పాలో తెలియక కొట్టివేసిన మూడు వాక్యాల తర్వాత దొరికే నాలుగో వాక్యం కోసమే మనం పిల్లలచేత వ్యాసాలు రాయిస్తాం. ఇంటి దగ్గర రాసి తెమ్మన్న వ్యాసానికి మార్కులు వేయడం మానేయండి. మొదటి చిత్తుప్రతిని తరగతిలోనే, మీ కళ్లెదుటే, చేత్తో రాయించండి. పొడవు సగం పేజీ చాలు. ఇంటికి వెళ్లి దాన్ని దిద్దుకోవడానికి ఎవరి సాయమైనా తీసుకోనివ్వండి, చాట్‌బాట్ సాయమైనా సరే, కానీ చిత్తుప్రతినీ దిద్దిన ప్రతినీ కలిపి తెమ్మని చెప్పండి. మర్నాడు తరగతిలో నలుగురైదుగురిని పిలిచి, ఈ మాట ఎందుకు మార్చావు, ఈ పేరా ఎందుకు తీసేశావు అని ఒక్కో ప్రశ్న అడగండి. వంతులవారీగా అడిగితే నెల తిరిగేసరికి తరగతి అంతా వస్తుంది. తాను చేసిన మార్పుకు కారణం చెప్పగలిగిన పిల్లవాడు యంత్రం సాయం తీసుకున్నా నేర్చుకున్నట్టే. చెప్పలేకపోతే అతనికి కావలసింది శిక్ష కాదు, ఆ పేరాను మీ బల్ల పక్కన కూర్చుని మళ్లీ రాయడం. ఒక్కొక్కరిదీ చూడడానికి మీకు సమయం ఎక్కడిదని అడుగుతారని తెలుసు. ముప్పై అయిదు వ్యాసాలు ఇంటికి మోసుకెళ్లి, చాలావరకు యంత్రం రాసిన వాక్యాల కింద ఎర్ర గీతలు గీయడానికి ఇప్పుడు మీరు పెడుతున్న సమయాన్ని ఇటు మళ్లించండి.